రాతికంబం దగ్గర అరగంట: తిరుపతి చుట్టుపక్కల మండపాలను చూడడం ఎలా

మనవాళ్లు మండపానికి స్తంభాలు లెక్కపెట్టరు, కాళ్లు లెక్కపెడతారు. నాలుగుకాళ్ల మండపం, పదహారుకాళ్ల మండపం, నూటికాళ్ల మండపం, వేయికాళ్ల మండపం. పేరు ఇంత చక్కగా పెట్టుకున్నా, ఆ కాళ్ల వైపు చూసేవాళ్లు మాత్రం తక్కువ. మా మేనత్త నలభై ఏళ్లుగా ఏటా కొండకు వస్తోంది. ఒకసారి అడిగాను, "అత్తా, అన్ని మండపాలు దాటుకుంటూ వెళ్తావు కదా, ఆ కంబాల మీద ఏముంటుంది?" అని. "ఏముంటుంది నాయనా, ఆనుకుంటే చల్లగా ఉంటుంది" అంది.

చల్లగా ఉండే మాట నిజమే. కానీ ఆ కంబం ఏ కాలంలో నిలబెట్టారో, ఎవరి పనివాళ్లు చెక్కారో, తర్వాత ఎవరు పీకి ఇంకోచోట పెట్టారో కూడా దాని మీదే ఉంటుంది. అవి చదవడానికి చరిత్రలో ఎం.ఏ. అక్కర్లేదు. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిలు, చేతి టార్చి, కాస్త ఓపిక చాలు. ఒక్క షరతు ఏమిటంటే, మొదటిరోజు ఒక్క కంబాన్నే చూడండి. గుడంతా చూసేయాలని బయల్దేరితే మళ్లీ మా అత్త జవాబే మిగులుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుమలలో మాత్రం మొదలుపెట్టకండి. లోపల ఎంత గొప్ప పనితనం ఉన్నా, వెనకనుంచి "జరగండి, జరగండి" అంటుంటే కంబం చుట్టూ ఉన్న పలకలు, అంటే చదును ముఖాలు, ఎనిమిదా పదహారా అని లెక్కపెట్టే తీరిక ఉండదు. ఫోను ఎలాగూ లోపలికి రాదు. గుడి ఎదుట ఉండిన వేయికాళ్ల మండపమైతే 2003లో తొలగించేశారు. అది పదిహేనో శతాబ్దంలో, సాళువ నరసింహరాయల కాలంలో కట్టింది. దాన్ని చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఏమేం గుర్తున్నాయో అడిగి రాసిపెట్టుకోండి. ఆ పని ఇప్పుడే చేయాలి, వాయిదా వేస్తే అడగడానికి మనిషి ఉండడు.

కొత్తవాళ్లకు చంద్రగిరి దారి మంచిది. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. దారిలోనే శ్రీనివాసమంగాపురం తగులుతుంది. అక్కడి కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడి కేంద్ర పురావస్తుశాఖ, అంటే ఏఎస్‌ఐ, రక్షణలో ఉంది. ఆగిపోయిన పూజలను 1540లో అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన తిరుమలాచార్యులు మళ్లీ మొదలుపెట్టించినట్టు శాసనం చెబుతుంది. జనం కాస్త పలచగా ఉండే వేళ చూసుకుని వెళ్తే, మండపంలో ఒక మూల నిలబడి చూసుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత చంద్రగిరి కోట. రాజమహల్, రాణిమహల్ చూడడానికే అందరూ వెళ్తారు. మీరు కోటలో పాడుబడిన చిన్న గుళ్లు, మండపాల వైపు నడవండి. పూజలు లేని చోట్ల నూనె మరకలు, రంగులు, సీరియల్ లైట్లు ఉండవు, రాయి రాయిలాగే కనిపిస్తుంది. రాజమహల్‌లో మ్యూజియం ఉంది. ఏఎస్‌ఐ మ్యూజియాలకు మామూలుగా శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించండి.

రెండో విడతకు తూర్పు వైపు వెళ్లండి: గుడిమల్లం, శ్రీకాళహస్తి. గుడిమల్లం సంగతి చివర్లో చెబుతాను, అది మామూలు చోటు కాదు.

వేళ, వెలుతురు

మిట్ట మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనపడదు. మన ఎండకు కళ్లు బైర్లు కమ్మడం ఒకటి, వెలుతురు నిటారుగా పడి చెక్కడంలో లోతు తెలియకపోవడం ఇంకొకటి. పొద్దున్నే తెరిచిన వెంటనే గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ ఎండ ఏటవాలుగా పడినప్పుడు, అరిగిపోయిందనుకున్న బొమ్మకు కూడా ముక్కూ మొహం వస్తాయి. లోపలి కంబాలకు టార్చి వాడండి. అయితే ఎదురుగా పట్టుకోకూడదు. రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వెలుతురు జారేలా పట్టుకుని, మెల్లగా కంబం చుట్టూ తిప్పాలి. ఒక వైపు నుంచి పడితే గీత కనిపిస్తుంది, ఇంకో వైపు నుంచి పడితే అక్షరం కనిపిస్తుంది. ఫోను ఫ్లాష్ దీనికి పనికిరాదు. బొమ్మనంతా తెల్లగా చదును చేసేస్తుంది.

కింది నుంచి పైకి

బొమ్మలు పిలుస్తుంటాయి కాబట్టి కళ్లు ముందు వాటి మీదకే పోతాయి. వాటిని పక్కనపెట్టి కంబం ఆకారాన్ని కింది నుంచి చూసుకుంటూ రండి, పెన్సిలుతో గీసుకుంటూ. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు. గీసేటప్పుడు చెయ్యి ఆగిన చోటే, కన్ను సరిగా చూడలేదని తెలుస్తుంది.

విజయనగర కాలపు మామూలు కంబం ఇలా ఉంటుంది. అడుగున చదరపు దిమ్మ. దాని మీద కొంత మేర ఎనిమిది పలకలుగానో పదహారు పలకలుగానో చెక్కిన భాగం. మళ్లీ చదరం. మళ్లీ పలకలు. మళ్లీ చదరం. అంటే మూడు చదరాలు, వాటి మధ్య రెండు పలకల భాగాలు. బొమ్మలన్నీ చదరాల మీదే, నాలుగు వైపులా నాలుగు. ఒక కంబానికి మూడు చదరాలైతే పన్నెండు బొమ్మలు. చుట్టూ తిరిగితేనే పన్నెండూ కనిపిస్తాయి, దారి వైపు నిలబడితే మూడే. శిల్పులు పలకల లెక్కకు పేర్లు పెట్టుకున్నారు. నాలుగు పలకలది బ్రహ్మకాంతం, ఎనిమిది పలకలది విష్ణుకాంతం, గుండ్రంగా ఉంటే రుద్రకాంతం.

చదరం పలకలుగా మారే చోట మూలల్ని బాగా చూడండి. పాము పడగ విప్పినట్టు చిన్న మొన ఒకటి పైకి లేచి ఉంటే దాన్ని నాగబంధం అంటారు. పాత చోళ కంబాల్లో ఈ మూల నున్నగా ఊరికే కోసేసి ఉంటుంది. నాగబంధం బాగా తేలి కనిపిస్తే మీరు విజయనగర కాలం చుట్టుపక్కల ఉన్నట్టు.

కాస్త డబ్బున్న కట్టడమైతే, ముందు వరస కంబాలు ఇంత సాదాగా ఉండవు. ముందుకాళ్లెత్తిన గుర్రం మీద రౌతు, లేదా సింహపు మొహమూ తొండమూ కలిసిన యాళి, మొత్తం ఒకే బండలోంచి బయటికి దూకుతున్నట్టు ఉంటాయి. అసలు కంబం వాటి వెనక దాక్కుని ఉంటుంది. ఇంకొన్నింట్లో పెద్ద కంబం చుట్టూ పిల్ల కంబాలు ఉంటాయి. అవి అతికించినవి కావు, అన్నీ ఒకే రాయి. పిల్ల కంబానికీ తల్లి కంబానికీ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి చూడండి, ఉలి లోపలికి ఎలా వెళ్లిందో ఆలోచిస్తే తల తిరుగుతుంది.

రాయి అంచుల్లో ఒకే ఎడంతో వరుసగా చిన్న చిన్న గుంతలు కనిపిస్తే అది అలంకారం కాదు. బండను చీల్చడానికి ఉలితో గుంతలు తవ్వి చీలలు కొట్టిన గుర్తు. బయటికి కనపడని వైపు నున్న చేయకుండా వదిలేసి ఉంటారు. నాకు మాత్రం నున్నటి దేవుళ్ల కంటే ఈ గుంతల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. పని జరిగిన రోజు కనిపించేది అక్కడే.

బోదెను చూసి కాలం చెప్పడం

కంబం నెత్తిన, దూలానికి కింద ఉండే దిమ్మే బోదె. శిల్పులు పోతిక అంటారు. మెడ నొప్పి వస్తుందని ఎవరూ తలెత్తి చూడరు గానీ, కాలం పట్టుకోవాలంటే మొత్తం కంబంలో దీనికి మించిన గుర్తు లేదు. ఈ కిటుకును పద్ధతిగా పెట్టింది పుదుచ్చేరిలో పాఠాలు చెప్పుకుంటూ గుళ్లు తిరిగిన ఫ్రెంచి మేస్టారు జువో దుబ్రెయ్. రాజుల పేర్లు లేని గుడికి కూడా బోదె ఆకారాన్ని బట్టి కాలం చెప్పొచ్చని 1914లో అచ్చు వేసి చూపించాడు. స్థపతుల్ని, అంటే గుళ్లు కట్టే శిల్పుల్ని, అడిగి, వాళ్ల మాటలు రాసుకుని మరీ చేసిన పని అది.

ఆయన చూపించిన వరసను టూకీగా గుర్తుపెట్టుకోండి. పల్లవుల నాటి బోదె కింది అంచు గుండ్రంగా వంపు తిరిగి, దాని మీద అలల్లాంటి గాడులు ఉంటాయి. చోళుల కాలానికి ఆ వంపు పోయి, ఏటవాలుగా కోసినట్టు కోణం వస్తుంది, నడుమ చిన్న నాలుక ముందుకు పొడుచుకొస్తుంది. ఆ తర్వాత ఆ నాలుక కొస మెల్లగా కిందికి వంగడం మొదలవుతుంది. విజయనగర కాలానికి అది తలకిందులుగా వేలాడే తామరమొగ్గ అయిపోతుంది. దీన్నే పుష్పపోతిక అంటారు. ఇంకా ఈమధ్య కట్టినవాటిలో మొగ్గ పూర్తిగా విచ్చుకుని అరటిపువ్వులా బరువుగా వేలాడుతుంది.

ఇంట్లో కూర్చుని చదివితే ఇది గందరగోళంగానే ఉంటుంది. గుడిలో నిలబడి మొగ్గ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న వేసుకోండి. మొగ్గ వేలాడుతుంటే విజయనగరమో ఆ తర్వాతదో. కోసినట్టు కోణం ఉంటే అంతకు ముందుది కావచ్చు. మొదటి ఏడాదికి ఈ మాత్రం చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకే మండపంలో బోదెలు రెండు మూడు రకాలు కనిపిస్తే కంగారుపడకండి. పాత మండపం పడిపోతే ఆ రాళ్లతోనే కొత్తది కట్టడం మనవాళ్లకు మామూలే. అలాంటప్పుడు మండపం వయసూ కంబం వయసూ ఒకటి కావు. నోట్‌బుక్‌లో రెండూ వేరువేరుగా రాయండి.

బొమ్మల్లో ఎవరెవరు

కంబాల మీద బొమ్మలకు వరస కథ ఉండాలని లేదు. పక్కపక్కనే నరసింహస్వామి, నాట్యగత్తె, హంస, చేతులు జోడించిన భక్తుడు ఉంటారు. రాముడి పక్కన రెండు తలల గండభేరుండం ఉంటుంది. కాబట్టి "దీని అర్థం ఏమిటి" అని వెంటనే బుర్ర బద్దలు కొట్టుకోకుండా, ముందు చేతుల్లో ఏమున్నాయో, కాళ్ల కింద ఏముందో, వాహనం ఏమిటో రాసుకోండి. పేరు దానంతట అదే తేలుతుంది.

శ్రీకాళహస్తికి వెళ్తే పని ఇంకా తేలిక. అక్కడ శివలింగం దగ్గర సాలెపురుగు, పాము, ఏనుగు మూడూ కలిసి కనిపిస్తే అది ఊరి పేరే: శ్రీ, కాళ, హస్తి. వేటగాడి వేషంలో ఒకడు లింగం మీద కాలు పెట్టి, కంటి దగ్గర బాణం పట్టుకుని ఉంటే కన్నప్ప. మా అత్తను ఒకసారి వెంట తీసుకెళ్లాను. నేను పలకలు లెక్కపెడుతూ ఉండగానే, "అదిగో తిన్నడు, కాలు చూడు" అని ఆమే ముందు పట్టేసింది. కథలు తెలిసిన పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. చూపు మందగించినా బొమ్మల దగ్గర మనకంటే వాళ్లే వేగం.

ఆ గుడిలో నూటికాళ్ల మండపం, బయటి గాలిగోపురం రెండూ 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినవి. పాత గోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు మీరు చూసేది దాని చోట మళ్లీ కట్టింది. రాయల నాటి పనితనం కావాలంటే మండపానికే వెళ్లాలి.

అక్షరాలు కనిపిస్తే

మొదటి అక్షరం చూడగానే చాలామందికి నిరాశ. "ఇది తెలుగు కాదే" అంటారు. తిరుమల, తిరుపతి గుళ్లలో వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. దేవస్థానం తరఫున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు పెద్ద ఎత్తున సేకరించి పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం తమిళంలోనే ఉంటాయి, మధ్యలో సంస్కృతం మాటలకు గ్రంథ లిపి. తెలుగు, కన్నడ శాసనాలు కొద్ది. ఇందులో గొడవపడేదేమీ లేదు. ఈ సీమను చాలాకాలం పల్లవులు, చోళులు ఏలారు, ఆ రాతభాషే తర్వాత రాయల కాలంలోనూ కొనసాగింది.

చదవలేకపోయినా చేయగలిగిన పని ఉంది. శాసనం మొదలు ఎక్కడో వెతకండి. "స్వస్తిశ్రీ" అనో, విజయనగర కాలంలో "శుభమస్తు" అనో మొదలవుతుంది. అక్కడి నుంచి ఎన్ని వరసలు ఉన్నాయి, ఎక్కడ తెగిపోయింది, సున్నం ఎక్కడ కప్పేసింది అన్నది రాసుకోండి. తమిళం చదివే స్నేహితుడు ఉంటే సరే సరి. చిత్తూరు జిల్లాలో అలాంటివాళ్లకు కరువేం లేదు.

సంవత్సరం దొరికితే లెక్క ఇలా వేయాలి. శకవర్షానికి 78 కలిపితే ఇప్పటి సంవత్సరం వస్తుంది. శకవర్షం 1438 అంటే 1516. పక్కన సంవత్సరం పేరు కూడా ఉంటుంది కాబట్టి సరిచూసుకోవచ్చు: 1438 ధాత. అరవయ్యేళ్లకోసారి ఆ పేరు తిరిగొస్తుంది. మనకు తెలిసిన ధాత 1996లో వచ్చింది, అందులోంచి ఎనిమిది అరవైలు, అంటే 480, తీసేస్తే 1516. సరిపోయింది. అంకె అరిగిపోయి పేరు మిగిలినా, పేరు అరిగి అంకె మిగిలినా ఈ లెక్క ఆదుకుంటుంది.

అయితే ఉగాదికి ముందు నెలల్లో ఈ లెక్క ఒక ఏడాది తప్పుతుంది. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది 1513 ఫిబ్రవరిలో. అప్పటికి ఇంకా శకవర్షం 1434, ఆంగీరస సంవత్సరం. 78 కలిపితే 1512 వస్తుంది, తప్పు. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం కనిపిస్తే 79 కలపండి.

చోళుల కాలం శాసనాల్లో శకవర్షం లేకుండా "ఫలానా రాజు పట్టానికి వచ్చిన ఇన్నో ఏడు" అని మాత్రమే ఉండడం ఎక్కువ. అప్పుడు ఆ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తెలిసి ఉండాలి. విక్రమచోళుడు 1118లో. ఆయన తొమ్మిదో ఏడు అంటే 1126. ఎక్కిన ఏడాదిని కూడా ఒకటిగా లెక్కపెట్టాలని మరిచిపోకండి.

నా తలకాయ నొప్పి కథ ఒకటి చెబుతాను. ఒక ఊరి గుడిలో కంబం అడుగున నాలుగు వరసల శాసనం కనిపించింది. గంటసేపు టార్చి తిప్పాను, ఫొటోలు తీశాను, ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేక ఏదో కొత్త లిపి కనిపెట్టానని లోపల సంబరపడ్డాను. పక్కన పత్తి ఒత్తులు చేసుకుంటున్న ముసలమ్మ చూసి చూసి, "ఏం సామీ, రాయి తలకిందులుగా పెట్టినారు కదా, నువ్వూ తలకిందులైతే గానీ కనపడదు" అంది. నిజమే. మళ్లీ కట్టేటప్పుడు రాయిని తిరగేసి నిలబెట్టారు. ఫోనులో ఫొటో తిప్పి చూస్తే నిక్షేపంగా తమిళం. కాబట్టి అక్షరాలు పోల్చుకోలేకపోతే ముందు ఫొటో తిప్పండి.

చేయకూడని పనులు

అక్షరాలు బాగా కనపడాలని సుద్దముక్క రుద్దడం, విభూతి, పిండి, నూనె పూయడం, నీళ్లు చల్లి బ్రష్షుతో తోమడం, ఇవేవీ వద్దు. గీతలు అరుగుతాయి, నూనె రాతిలోకి ఇంకి దుమ్మును పట్టుకుంటుంది. శాసనాల మీద తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీసే పద్ధతి ఉంది. మైసూరులో ఏఎస్‌ఐ శాసన విభాగం వాళ్లు చేస్తారు. వీడియో చూసి ఇంట్లో నేర్చుకునే పని కాదది. కంబానికి పసుపు కుంకుమ పెట్టడం, కర్పూరం వెలిగించడం భక్తే కావచ్చు, కానీ మసి పట్టాక బొమ్మ మొహం పోతుంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయని 1958 నాటి చట్టానికి 2010లో తెచ్చిన సవరణ చెబుతోంది. ట్రైపాడ్ పెట్టి ఫొటోలు తీయాలంటే ముందు అనుమతి కావాలి. చేత్తో పట్టుకుని తీసుకుంటే సరిపోతుంది. ఫొటోలో కొలత తెలిసేలా పక్కన ఒక పెన్సిలు పట్టుకోండి, రాతికి ఆనకుండా.

గుడిమల్లం

రేణిగుంట దాటి, గాజుపూసల పనికి పేరున్న పాపానాయుడుపేట మీదుగా వెళ్తే, స్వర్ణముఖి ఒడ్డున గుడిమల్లం. ఇక్కడ చూడాల్సింది మండపం కాళ్లను కాదు, గర్భగుడిలోని పరశురామేశ్వరుణ్ణి. నిలువెత్తు లింగం, దాదాపు అయిదడుగులు. నున్నటి ముదురు గోధుమరంగు రాయి. ముందు వైపున శివుడు ఒక మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడి ఉంటాడు. ఒక చేత పొట్టేలు, ఇంకో చేత చెంబు, ఎడమ భుజం మీద గొడ్డలి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దానిదో మొదటి శతాబ్దానిదో అని ఎక్కువమంది పండితులు అంటారు. అంటే మీరు ఇంతవరకు చూసిన విజయనగర కంబాలకు పదిహేను వందల ఏళ్ల ముందుది. 1911లో టి.ఏ. గోపీనాథరావు దీని గురించి రాసి లోకానికి తెలియజేశారు. 1973లో ఏఎస్‌ఐ తవ్వినప్పుడు లింగం చుట్టూ చదరంగా కట్టిన రాతి కంచె బయటపడింది. గుడి గోడ వెనక వైపు ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది, బయట ప్రదక్షిణ చేసేటప్పుడు గమనించండి. ఇందాక లెక్కపెట్టిన విక్రమచోళుడి తొమ్మిదో ఏడు గుర్తుందా? ఈ గుడిని మళ్లీ కట్టింది అప్పుడే.

గర్భగుడి నేల ముందరి మండపం కంటే పల్లంలో ఉంటుంది, అడుగు చూసుకోండి. అలంకారం, పూలు ఉన్నప్పుడు బొమ్మ సగం కనపడదు. అభిషేకం వేళ ఎప్పుడో పూజారిగారిని ముందే మర్యాదగా అడగండి, ఆ సమయానికి చేరుకుంటే యక్షుడి మొహం దాకా కనిపిస్తుంది. ఫొటో తీయొచ్చా అన్నది కూడా ఆయన్నే అడగండి. వద్దంటే వద్దు, నోట్‌బుక్ ఉంది కదా. లింగం దగ్గర కొలిచే ప్రయత్నాలు చేయకండి, అది పూజలో ఉన్న దేవుడు.

మీ ఊరి చేలో రాయి దొరికితే

ఇలా నాలుగు చోట్ల చూశాక, మీ ఊళ్లో బట్టలుతికే బండ కూడా అనుమానంగా కనిపించడం మొదలవుతుంది. మన దగ్గర చెరువుకట్ట మీద, చింతతోపులో, పొలం గట్టున వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), విరిగిన కంబాలు పడి ఉండడం అరుదేమీ కాదు. దొరికితే కదిలించకండి, తవ్వకండి. రాయి ఎక్కడ, ఎటు తిరిగి పడి ఉంది అన్నది కూడా సమాచారమే. నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఫోనులో లొకేషన్ గుర్తు పెట్టి, ఊరి రెవెన్యూ అధికారికి గానీ పురావస్తుశాఖకు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఏవైనా నాణేలో నగలో బయటపడితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పి తీరాలి. విలువ పది రూపాయలు దాటితే చాలు, ఆ పాత లెక్క ఇంకా అలాగే ఉంది.

లొకేషన్‌ను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గుప్తనిధుల కోసం రాత్రిపూట గునపాలతో వచ్చేవాళ్లు కూడా ఆ గ్రూపుల్లోనే ఉంటారు.